పాత ఆర్చ్‌టాప్ గిటార్లు: ఏది బాగా మోగుతుందో తేల్చుకోవడం ఎలా?

పర్లాకిమిడి నుంచి ఒకరు అడిగారు. తాతగారి అటక మీద ఎఫ్ ఆకారంలో కంతలున్న పాత గిటార్ ఒకటి దొరికిందట. దాన్ని తుడిచి చేతిలోకి తీసుకున్నాక ఫిడేలులా పైపలక ఉబ్బెత్తుగా ఉండే ఈ ఆర్చ్‌టాప్ జాతి గిటార్ల మీద మోజు పట్టుకుంది. ఇప్పుడు రోజూ రాత్రి యూట్యూబ్‌లో 1930ల నాటి అమెరికన్ కంపెనీల గిటార్లు గిబ్సన్‌నీ ఎపిఫోన్‌నీ పక్కపక్కన పెట్టి వాయించే వీడియోలు చూస్తున్నారు. కలకత్తాలో ఒకాయన మూడు పాత గిటార్లు అమ్ముతానంటున్నాడు. "వీటిలో ఏ కంపెనీది నిజంగా బాగా మోగుతుంది? దేంతో మొదలుపెట్టాలి? వెళ్తే ఏం చూసుకోవాలి?" ఇదీ ప్రశ్న.

ముందు జవాబు చెప్పేస్తాను, కారణాలు తర్వాత.

కంపెనీ పేరు పక్కన పెట్టి, ముందు పైపలక చూడండి. దళసరి చెక్కని ఫిడేలు పైపలకలా చెక్కి చేసినది, పేరు చిన్నదైనా సరే, మెడ తిన్నగా ఉన్నది ఒక్కటి కొనండి. మూడూ కలిపి తీసుకుంటే తగ్గిస్తానంటే ఆశపడకండి. పోల్చేటప్పుడు మీరు వాయించకండి. వేరొకరి చేత వాయించి, పదడుగుల దూరంలో ఎదురుగా కూర్చుని వినండి. అన్నిటికీ ఒకే రకం తీగలు, ఒకే రోజు ఎక్కించినవి ఉండాలి. ఈ రెండూ పాటించకుండా చేసిన పోలిక యూట్యూబ్‌ది అయినా నాది అయినా పెద్దగా పనికిరాదు.

నా సంగతి రెండు ముక్కల్లో. మాది బరంపురం. నాన్న ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో పనిచేశారు, నా చిన్నతనమంతా అక్కడి క్వార్టర్లలోనే గడిచింది. ఖరగ్‌పూర్‌లో మన తెలుగువాళ్ళు ఎంతమందో మీకు తెలిసే ఉంటుంది. మా పక్క వీధుల్లో ఆంగ్లో ఇండియన్ కుటుంబాలుండేవి. క్రిస్మస్‌కి వాళ్ళ డాన్సు బ్యాండులో వెనకాల కుర్చీలో తలవంచుకుని కూర్చుని, టక్ టక్‌మని కార్డులు (కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి మీటడం) కొట్టే ఒక పెద్దాయన చేతిలో మొదటిసారి ఆర్చ్‌టాప్ చూశాను. ఆ ఇంటివాళ్ళు ఆస్ట్రేలియా వెళ్ళిపోతూ ఆ గిటార్‌ని నాన్నకి ఇచ్చేశారు. అది జర్మనీలో చేసిన హాఫ్నర్. అప్పటి నుంచి ఇప్పటికి పద్నాలుగు కొన్నాను, తొమ్మిది వదిలించుకున్నాను. ఆ తొమ్మిదిలో ఆరు నా తెలివితక్కువ వల్ల కొన్నవి. కాబట్టి ఇది పండితుడి మాట అనుకోకండి, డబ్బు పోగొట్టుకున్నవాడి మాట.

ఎదురుగా ఎందుకు కూర్చోవాలి?

మామూలు గిటార్‌లో బ్రిడ్జ్‌ని, అంటే పైపలక మీద తీగలు ఆనే చెక్కముక్కని, జిగురుతో అంటిస్తారు. తీగలు ఆ బ్రిడ్జ్‌కే బిగించి ఉంటాయి. ఆర్చ్‌టాప్‌లో తీగలు బ్రిడ్జ్ మీదుగా దాటి వెళ్ళి చివర టెయిల్‌పీస్‌కి తగులుకుంటాయి. బ్రిడ్జ్‌కి జిగురు ఉండదు, తీగల ఒత్తిడికే నిలబడుతుంది. అచ్చం ఫిడేలే. గిబ్సన్ కంపెనీ 1922లో ఎల్-5 తెచ్చినప్పుడు గుండ్రటి కంత తీసేసి ఫిడేలుకున్నట్టే రెండు ఎఫ్ కంతలు పెట్టింది. అప్పుడు అక్కడ వాయిద్యాల రూపకర్త లాయిడ్ లోర్ పనిచేస్తున్నాడు. 1924 దాటేసరికి ఆయన వెళ్ళిపోయాడు గాని, ఆయన చూపిన దారి మాత్రం మిగిలింది.

అది మైకు అందరికీ అందని కాలం. డాన్సు బ్యాండులో బాకాలు, డ్రమ్ముల మధ్య గిటార్ వినపడాలి. బేంజోని లేపి ఆ కుర్చీలో కూర్చున్నది ఈ జాతి గిటారే. అందుకే ఇది శబ్దాన్ని ముందుకి విసురుతుంది, వాయించేవాడి చెవికి తక్కువే చేరుతుంది. అమెరికాలో కౌంట్ బేసీ జాజ్ బ్యాండులో ఫ్రెడ్డీ గ్రీన్ ఏళ్ళ తరబడి యాంప్లిఫయర్ లేకుండానే తాళానికి నాలుగు దెబ్బలు కొడుతూ కూర్చున్నాడు. ఒక దశలో ఆయన చేతిలో ఉన్నది బోస్టన్‌లో ఎల్మర్ స్ట్రాంబర్గ్ చేసిన 19 అంగుళాల గిటార్. దాన్ని ఒళ్ళో పెట్టుకుని విన్నవాడికీ, హాలు చివర కూర్చుని విన్నవాడికీ వినిపించేది ఒకటే అయ్యుండదు.

నేను చాలాకాలం ఒళ్ళో పెట్టుకునే తీర్పులు చెప్పాను. 1940ల చివర్లో చేసిన గిబ్సన్ ఎల్-50 ఒకటి నా దగ్గరుంది. కొన్న కొత్తలో వాయిస్తే పొడిగా, మొండిగా, అటుకులు నములుతున్నట్టు అనిపించింది. అమ్మేద్దామనుకున్నాను. ఒకరోజు మేనల్లుడు ముందుగదిలో వాయిస్తుంటే నేను వంటింట్లో ఉన్నాను. గోడ దాటి వచ్చిన శబ్దంలో కార్డులోని ఒక్కో స్వరం విడివిడిగా తెలుస్తోంది. అదే గిటార్, విన్న చోటే వేరు. ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

కళ్ళు మూసుకుని వింటే ఏమైందంటే

ఇది చెప్పుకోవడానికి కొంచెం నామోషీగా ఉంటుంది. నాలుగు గిటార్లని దుప్పటి వెనక పెట్టి, మేనల్లుణ్ణి ఒకే పల్లవి నాలుగింటి మీదా వాయించమన్నాను. వరస మా ఆవిడ కాగితం మీద రాసి దాచింది. నేను పూర్తి నమ్మకంతో "మూడోది గిబ్సన్" అన్నాను. మూడోది కలకత్తాలో చేసిన ప్లైవుడ్ ఎఫ్ కంతల గిటార్. గిబ్సన్‌ని నేను నాలుగో స్థానంలో పెట్టాను. మా ఆవిడ ఆ కాగితాన్ని ఇప్పటికీ దేవుడి గదిలో కేలండర్ వెనక భద్రంగా ఉంచింది.

తర్వాత ఆలోచిస్తే కారణం తెలిసింది. కలకత్తా గిటార్‌కి అంతకు మూడు రోజుల ముందే కొత్త తీగలు వేశాను. గిబ్సన్ మీద ఉన్నవి ఎనిమిది నెలల నాటివి, మన గోపాల్‌పూర్ ఉప్పుగాలికి నల్లబడ్డవి. నాలుగింటికీ ఒకే తీగలు వేసి వారం తర్వాత మళ్ళీ విన్నాం. ఈసారి గిబ్సన్‌ని పట్టుకున్నాను. కలకత్తాది మాత్రం మళ్ళీ రెండో స్థానం తెచ్చుకుంది.

తీగల గురించి ఇంకో మాట. ఈ రోజు మార్కెట్‌లో ఎక్కువగా దొరికే ఫాస్ఫర్ బ్రాంజ్ తీగలు 1974లో వచ్చినవి. అంటే 1930ల రికార్డుల్లో మీరు వినే నాదం ఆ తీగలది కాదు. పాత నాదం కావాలంటే 80/20 బ్రాంజ్ (రాగి, జింకు కలిపినది) గాని మోనెల్ (నికెల్, రాగి కలిపినది) గాని వేసి చూడండి. గిటార్‌కి అయస్కాంతపు పికప్ (తీగల ఊపుని కరెంటుగా మార్చి యాంప్లిఫయర్‌కి పంపేది) ఉంటే బ్రాంజ్ తీగలు దానికి సరిగా అందవు. వాటికి నికెల్ లేదా మోనెల్ వేయాలి. లావు విషయంలో నేను 12 సెట్ (అన్నిటికన్నా సన్న తీగ అంగుళంలో వెయ్యిలో 12 వంతుల మందం ఉండేది) దాటను. పాతకాలంలో 13, 14 కూడా వేసేవారు, నిజమే. కాని ఎనభై ఏళ్ళ ముసలి మెడ మీద అంత బరువు పెట్టే ధైర్యం నాకు లేదు.

పోల్చేటప్పుడు ఫోన్‌లో రికార్డు చేసుకోండి, ఫోన్‌ని ఒక స్టూలు మీద పెట్టి కదపకండి. తర్వాత వినేటప్పుడు అన్నిటి వాల్యూమూ సమానం చేయండి. కొంచెం గట్టిగా వినపడింది ఎప్పుడూ బాగున్నట్టే అనిపిస్తుంది. పిక్ ఒకటే ఉండాలి, చేయి ఒకటే ఉండాలి. వాయించేది మూడు రకాలుగా ఉండాలి: కార్డులు ఆపి ఆపి కొట్టడం, సన్న తీగ మీద ఒక నిదానమైన వరస, చివర ఒక పూర్తి కార్డు కొట్టి అది చచ్చేదాకా వదిలేయడం. మూడోదాంట్లో పైపలక చదునుగా ఉండే మామూలు ఫ్లాట్‌టాప్ గిటార్ దాదాపు ఎప్పుడూ గెలుస్తుంది. అది చూసి ఆర్చ్‌టాప్ బాగోలేదనుకోకండి. మొదటిదాంట్లో ఇది చూపించే పదును దానికి రాదు.

పైపలక: చెక్కిందా, వంచిందా, అతికిందా

అసలు సరుకు ఇక్కడే ఉంది. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనస దుంగని తొలిచి వీణ కుండ చేస్తారు చూడండి, మంచి ఆర్చ్‌టాప్‌కి పైపలక అలాగే చెక్కుతారు. స్ప్రూస్ చెక్క తీసుకుని మధ్యలో దళసరిగా ఉంచి, అంచుల దగ్గర పలచగా దించుతారు. ఆ పలచటి అంచు వల్లే పలక డప్పు చర్మంలా ఊగుతుంది. రెండో రకంలో పలచటి చెక్కనే వేడితో, ఒత్తిడితో వంచుతారు. మూడోది ప్లైవుడ్, పొరలు అతికించి అచ్చులో నొక్కింది. చికాగోలో హార్మొనీ, కే లాంటి కంపెనీలు వేలాదిగా చేసిన చౌక గిటార్లలో వంచినవీ ప్లైవుడ్‌వీ బోలెడు.

గుర్తుపట్టడం ఇలా. టార్చ్ వేసి ఎఫ్ కంత అంచు చూడండి. పొరలు పొరలుగా, కేకు ముక్కలా కనిపిస్తే ప్లైవుడ్. పైన కనిపించే గీత అంచులోకి కూడా దిగితే ఒకే చెక్క. అంచుకి తెల్ల పట్టీ అతికించి ఉంటే కనపడదు. అప్పుడు పళ్ళ డాక్టర్లు వాడే చిన్న అద్దం లోపలికి పెట్టి అడుగు భాగం చూడాలి. పది రూపాయల వస్తువు లేక నేను ఒకసారి మోసపోయాను. గిబ్సన్ అని చెప్పి ఒకాయన అమ్మిన దాన్ని ఇంటికి తెచ్చి అద్దం పెడితే లోపల ప్లైవుడ్ నవ్వుతోంది, తల మీద పేరు కొత్తగా అంటించింది.

ప్లైవుడ్ అంటే పారేయమని కాదు. గిబ్సన్ 1949లో తెచ్చిన ఇఎస్-175 కావాలనే ప్లైవుడ్‌తో చేసింది. పికప్ పెట్టి యాంప్లిఫయర్‌లో వాయించేటప్పుడు బాగా ఊగే చెక్క ఊళ పెడుతుంది. ప్లైవుడ్ అంత తొందరగా పెట్టదు. ఆ గిటార్ మీద జాజ్ వాయించినవాళ్ళకి లెక్క లేదు. కానీ దాన్నీ, కరెంటు లేని ఎల్-5నీ పక్కపక్కన పెట్టి ఏది గొప్ప అంటే, అది చెరువునీ బావినీ పోల్చినట్టే.

లోపలి కర్రల సంగతి కూడా చెవికి తెలుస్తుంది. పైపలక అడుగున రెండు కర్రలు సమాంతరంగా పోతే శబ్దం సూటిగా, కోసినట్టు వస్తుంది. ఇంటూ గుర్తులా అడ్డంగా దాటితే గుండ్రంగా, కొంచెం వెచ్చగా వస్తుంది. గిబ్సన్ 1930ల మధ్యలో కొన్నేళ్ళు ఇంటూ కర్రలు వేసి, ఆ దశాబ్దం చివరికి మళ్ళీ సమాంతరానికి వచ్చింది. అంటే ఒకే కంపెనీ, ఒకే మోడల్ పేరు, నాలుగేళ్ళ తేడాతో రెండు గొంతులు. "గిబ్సన్ ఇలా మోగుతుంది" అని వీడియోలో ఎవరైనా అంటే ఏ ఏడాదిది, లోపల ఏ కర్రలు అని అడగాలి.

ఇక మీరు అడిగిన కంపెనీల పోలిక. ఇది నా చెవి, మీ చెవి వేరు కావచ్చు. న్యూయార్క్ ఎపిఫోన్‌లు గిబ్సన్ కన్నా పదునుగా, కొంచెం కారంగా వినిపిస్తాయి నాకు. 1957లో గిబ్సన్ యజమానులే ఎపిఫోన్‌ని కొనేశారు కాబట్టి అంతకు ముందువాటి గురించే చెబుతున్నాను. నా దగ్గరున్న ఎపిఫోన్ జెనిత్ వెనక భాగం మేపుల్ కాక వాల్‌నట్. అది కొంచెం మెత్తదనం ఇస్తుందనుకుంటాను. కూతురు న్యూజెర్సీలో ఉంది, అక్కడికి వెళ్ళినప్పుడు ఒక పాత గిటార్ల దుకాణంలో జాన్ డి'యాంజెలికో చేసినదాన్ని పది నిమిషాలు విన్నాను. ఆయన 1932 నుంచి 1964లో చనిపోయేదాకా న్యూయార్క్‌లో చిన్న దుకాణంలో చేసి నంబరు వేసిన గిటార్లు 1,164. గొప్పగా ఉంది, ఒప్పుకుంటాను. ఆ ధరకి బరంపురంలో ఇల్లు కట్టుకోవచ్చు, అందుకని మళ్ళీ ఆ వైపు చూడలేదు.

మన వైపు దొరికేవాటికి ఒక ప్రత్యేకత

ఒడిశా, బెంగాల్‌లో పాత ఎఫ్ కంతల గిటార్ దొరికిందంటే దాని మీద హవాయియన్ వాయించి ఉండే అవకాశం చాలా ఎక్కువ. ఒళ్ళో పడుకోబెట్టి ఇనుప కడ్డీతో జార్చే వాయిద్యం. బ్రిజ్‌భూషణ్ కాబ్రా గిబ్సన్ సూపర్ 400ని మార్పించుకుని దాని మీదే రాగాలు వాయించారు. 1994లో గ్రామీ అందుకున్న విశ్వమోహన్ భట్ గారి మోహన వీణ కూడా ఆర్చ్‌టాప్ గిటార్‌కి తరబ్ తీగలు (మీటకుండానే తోడుగా మోగేవి), చికారీలు (తాళానికి మీటే పక్క తీగలు) చేర్చి చేసినదే. అమెరికాలో బ్యాండు వెనక కుర్చీలో ఉన్న గిటార్ మన దేశంలో కచేరీ ముందు వరసకి వచ్చిందన్నమాట.

కొనేవాడికి దీనివల్ల ఒక లాభం, ఒక నష్టం. కడ్డీతో వాయిస్తే ఫ్రెట్లు (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు మెట్లు) అరగవు. యాభై ఏళ్ళ గిటార్‌లో ఫ్రెట్లు కొత్తగా ఉంటే "అసలు వాడలేదు" అని అమ్మేవాడు అంటాడు. నిజానికి హవాయియన్ వాయించి ఉంటారు. నష్టం ఏమిటంటే, లావు తీగలు వేసి బిగించడం వల్ల మెడ వంగి ఉంటుంది, అదనపు కీల కోసం తలకో పక్కకో కంతలు పొడిచి ఉంటారు. తల నుంచి మెడ పొడవునా ఒంటికన్నుతో చూడండి, విల్లులా కనిపిస్తే ధర ఎంత తగ్గించినా వద్దు. గిబ్సన్‌లలో మెడ లోపల బిగించుకునే ఇనుప కడ్డీ 1920ల నుంచి ఉంది, రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఇనుము కొరత వల్ల కొన్నిటికి పెట్టలేదు. కలకత్తా పాతవాటిలో నేను చూసినవాటికి ఎక్కువ భాగం లేదు.

బ్రిడ్జ్ ఎత్తు చూడండి. పక్కలున్న చక్రాలు పూర్తిగా దించేసి కూడా తీగలు ఫింగర్‌బోర్డ్ నుంచి ఎత్తుగానే ఉంటే మెడ కోణం పోయిందని అర్థం, ఆ రిపేరుకి కొన్న డబ్బంత అవుతుంది. బ్రిడ్జ్ కింద కాగితం ముక్క దూరుతుందేమో చూడండి. దూరితే పాదం పైపలకకి సరిగా ఆనడం లేదు, శబ్దం సగం అక్కడే పోతుంది. ఇది మాత్రం చవకగా బాగయ్యే లోపం. నా జెనిత్‌కి గొల్లపల్లిలో ఒక వీణలు చేసే పెద్దాయన కార్బన్ కాగితం పెట్టి, మచ్చ పడ్డచోటల్లా గీకుతూ రెండు గంటల్లో పాదం కూర్చోబెట్టాడు. గిటార్ ఆయన జీవితంలో అదే మొదటిసారి పట్టుకోవడం. ఆ రెండు గంటలు ఇచ్చిన తేడా ఏ ఖరీదైన తీగలూ ఇవ్వలేదు.

పిక్‌గార్డ్ (పిక్ గీతలు పడకుండా పైపలక దగ్గర పెట్టే పలక) పసుపుపచ్చగా చెమర్చి, దగ్గర లోహం పచ్చగా తుప్పు పట్టి ఉంటే అది పాత సెల్యులాయిడ్ కుళ్ళుతున్నట్టు. ఊడదీసి పెట్టె బయట విడిగా ఉంచాలి. లేకపోతే దాని ఆవిరి తీగల్నీ కీలనీ తినేస్తుంది. గిబ్సన్ అంటే కంతలోంచి లేబుల్ చూడండి. 1947 నుంచి 1961 దాకా చేసిన చాలావాటిలో తెల్లటి కోడిగుడ్డు ఆకారపు లేబుల్ మీద ఎ అక్షరంతో మొదలయ్యే నంబరు ఉంటుంది. విదేశం నుంచి తెప్పించాలనుకుంటే ఇంకో చిక్కు: పాతవాటిలో చాలావాటికి ఫింగర్‌బోర్డ్, బ్రిడ్జ్ బ్రెజిల్ రోజ్‌వుడ్‌తో చేసినవి. ఆ చెక్క 1992 నుంచి సైటిస్ (అంతరించే ప్రమాదమున్న జీవుల వ్యాపారాన్ని కట్టడి చేసే అంతర్జాతీయ ఒప్పందం) మొదటి జాబితాలో ఉంది, అనుమతి కాగితాలు లేకపోతే కస్టమ్స్‌లోనే ఆగిపోతుంది.

మన వాతావరణం

ఈ గిటార్లకి గాలిలో తేమ 45 నుంచి 55 శాతం ఉంటే సుఖం. మన తీరంలో వానాకాలం అది 80 దాటి కూర్చుంటుంది. పర్లాకిమిడి కొండ పక్కన కాబట్టి ఉప్పుగాలి కొంచెం తక్కువ, తేమకి మాత్రం తక్కువ లేదు. 2013 అక్టోబర్ 12న ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు మాకు రోజుల తరబడి కరెంటు లేదు. ఫ్యాను లేదు, ఏసీ లేదు, గిటార్లు పెట్టెల్లోనే. పైకప్పు రేకులు ఎగిరిపోయిన ఇళ్ళ మధ్య గిటార్ల గురించి టెన్షన్ పడటం సిగ్గుగానే అనిపించింది, అందుకే ఎవరికీ చెప్పలేదు. పెట్టెలు తెరిచేసరికి హాఫ్నర్‌కి తెల్ల బూజు, జెనిత్ లోపల ఒక కర్ర జిగురు వదిలి జుయ్‌మంటోంది. పాత గిటార్లలో వాడింది జంతువుల చర్మంతో చేసిన జిగురు. తేమకీ వేడికీ మెత్తబడుతుంది, అదే జిగురుతో మళ్ళీ అంటించుకోవచ్చు కూడా. ఫెవికాల్ మాత్రం పోయకండి. ఒక తేమ మీటరు కొనుక్కోండి, పెట్టెలో సిలికా జెల్ సంచులు వేసి నెలకోసారి ఎండబెట్టండి. వానాకాలంలో పోలికలు పెట్టుకోకండి, అన్నీ తడిసిన అట్టముక్కల్లా మోగుతాయి. మా దుప్పటి పరీక్షలు జనవరిలోనే.

చివరిగా మీ తాతగారి గిటార్. దానికి వార్నిష్ వేయించకండి, పాత మెరుగు గీకించకండి. తీగలు మార్చేటప్పుడు అన్నీ ఒకేసారి విప్పొద్దు, బ్రిడ్జ్ ఊడి చేతిలోకి వస్తుంది. ముందు దాని పాదాల చుట్టూ పెన్సిల్‌తో సన్నగా గీత గీసుకుని, ఒక్కో తీగ మార్చండి. గీత చెరిగిపోతే ఇలా సరిచూసుకోవచ్చు: పన్నెండో ఫ్రెట్ దగ్గర తీగని నొక్కి మీటితే వచ్చే స్వరమూ, అక్కడే వేలు తేలిగ్గా ఆనించి మీటితే వచ్చే స్వరమూ ఒకటయ్యేదాకా బ్రిడ్జ్ జరపాలి. తల దగ్గర తీగలు ఆనే నట్ మామూలుకన్నా ఎత్తుగా ఉందేమో చూడండి. ఉంటే తాతగారు హవాయియన్ వాయించేవారన్నమాట. ఎఫ్ కంత అంచుకి టార్చ్ వేసి ఒక ఫోటో, లోపల లేబుల్‌ది ఒక ఫోటో పెట్టండి. కలకత్తా వెళ్ళేది ఎలాగూ తర్వాత కదా, ముందు మీ ఇంట్లో ఉన్నదేమిటో చూద్దాం.